మిగులు వరస

నేను డైరీతో మాట్లాడినంత బాగా మనుషులతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, డిగ్రీ పుస్తకాల్లో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చు కాబట్టి మూడింటిలోనూ నోరు మూసుకుని కూర్చోగలిగేదాన్ని.

మాది వల్లూరు, సరిహద్దుకు కన్నడం వైపున ఉన్న తెలుగు ఊరు. నేను పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లో చెనక్కాయ చేలు ఉన్నచోట ఇప్పుడు సోలార్ ప్యానెళ్ళున్నాయి. నాయనకు ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ పని. అమ్మ ప్యానెళ్ళు కడిగే ఏడుగురు ఆడవాళ్ళ గుంపులో ఉంది. నేను పావగడలో బి.ఎస్సీ. చదివేటప్పుడు పొద్దున బస్సు కిటికీలోంచి చూస్తే, నీలం పలకల మధ్య ఆ ఏడుగురూ కనిపించేవాళ్ళు. తలకు గుడ్డలు చుట్టుకుని అందరూ ఒకే తీరుగా ఉండేవాళ్ళు. అమ్మ ఎవరో నడకను బట్టి పోల్చుకునేదాన్ని.

కాలేజీలో ప్రతి ఏడూ ఒక సెమినార్ ఉండేది. మనకు నచ్చిన లెక్కల విషయం ఏదో ఒకటి తీసుకుని, బోర్డు దగ్గర నిలబడి, పావుగంట మాట్లాడాలి. రెండో ఏట నా వంతు వచ్చినప్పుడు బోర్డు మీద మొదటి వాక్యం రాసి వెనక్కు తిరిగాను. నలభై ముఖాలు కనిపించాయి. మళ్ళీ బోర్డు వైపు తిరిగి మిగతాదంతా రాసేశాను. ఒక్క మాట రాలేదు. ఆఖరున థాంక్యూ అని కూడా రాశాను.

మా మేడమ్‌కు తెలుగు రాదు. కోపం కూడా అంత తొందరగా రాదు. "నీ చేతిరాత బాగుంది. కానీ ఇది రాత పరీక్ష కాదు కదా" అంది కన్నడంలో. పాస్ కావడానికి ఎన్ని కావాలో అన్నే మార్కులు వేసి, "వచ్చే ఏడు గొంతు వినాలి. అప్పుడు కూడా ఇట్లాగే చేస్తే నేనేమీ చేయలేను" అని చెప్పింది.

వచ్చే ఏడు రానే వచ్చింది. సెమినార్ మార్కులు రాకపోతే ఆ పేపరు పోతుంది. పేపరు పోతే ఆ ఏటికి బి.ఎడ్. లేదు. ఒక ఏడు పోతే ఇంకో ఏడు వస్తుందని అందరూ అంటారు గానీ, చదువు ఆగి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు ఆ ఇంకో ఏడు రావడం మా వైపు తక్కువ. నాయన కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు: "పాసైతే చదువుదువు. లేదంటే మీ అమ్మతో పాటు బ్రష్ పట్టుకుందువులే, ఆడ కూడా మనుషులే ఉండారు." నాకేమో టీచరు కావాలని ఉంది. నోరు తెరవలేనిదానికి ఆ కోరిక ఎందుకు పుట్టిందో ఇప్పటికీ తెలియదు.

విషయం మాత్రం దొరికింది. నేను డైరీలో ఊరి సంగతులు తక్కువ, అంకెలు ఎక్కువ రాసేదాన్ని. అంకెల గురించి రాసుకుంటే ఎవరైనా తీసి చదివినా పరువు పోదు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేని దాన్ని ప్రధాన సంఖ్య అంటాం. కన్నడ బడిలో దాని పేరు అవిభాజ్య సంఖ్య. నాకు ఆ పేరే ఇష్టం. ఫాక్టోరియల్ అంటే ఒకటి మొదలు ఆ అంకె దాకా అన్నిటినీ వరసగా గుణిస్తే వచ్చేది. మూడుకు ఆరు వస్తుంది, నాలుగుకు ఇరవై నాలుగు, ఐదుకు నూట ఇరవై, ఆరుకు ఏడు వందల ఇరవై. ఒక సాయంత్రం బస్సు ఆలస్యమై బస్‌స్టాండులో కూర్చున్నప్పుడు, ఊరికే ఏడుకు వీటిని ఒక్కొక్కటే కలుపుతూ పోయాను. పదమూడు. ముప్పై ఒకటి. నూట ఇరవై ఏడు. ఏడు వందల ఇరవై ఏడు. నాలుగూ ప్రధాన సంఖ్యలే. నేను ఆ ఆఖరిదాన్ని భాగించి చూస్తుండగా బస్సు వచ్చి, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి బస్సులో ఐదో దాన్ని చూశాను. ఏడు ఫాక్టోరియల్ ఐదు వేల నలభై. ఏడు కలిపితే ఐదు వేల నలభై ఏడు. అది నిలవలేదు, ఏడుతో శేషం లేకుండా పోయింది. ఎనిమిది ఫాక్టోరియల్‌కు ఏడు కలిపినా ఏడుతోనే పోయింది. తొమ్మిదికీ అంతే. ఇక ఎంత దూరం వెళ్ళినా అంతే. ఎందుకో కాగితం మీద ఒక్క గీతలో రాయొచ్చు. రాయడం నాకెప్పుడూ కష్టం కాదు.

సెమినార్ సోమవారం. ముందు శనివారం స్టాఫ్ రూములో మేడమ్ ముందు ఒకసారి చెప్పి చూపించాలి. "ఏడు దగ్గర ఎందుకు ఆగిపోయింది?" అని అడిగింది. నేను సుద్దముక్క తీసుకున్నాను. ఆమె నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసేసుకుంది. "నోటితో."

నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతోంది. పక్క బల్ల దగ్గర ఎవరో పేపర్లు దిద్దుతున్నారు.

"రేపు ఆదివారం కదా" అంది మేడమ్ ఆఖరికి. "ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడు. లెక్కలు రానివాళ్ళకు చెప్పు. వచ్చినవాళ్ళకైతే నువ్వు గుర్తులు రాసి వాటి వెనక దాక్కుంటావు."

తెలుగులో ఏడు అంటే అంకె, ఏడు అంటే సంవత్సరం, ఏడు అంటే ఏడవమనడం. ఆ శనివారం రాత్రి డైరీలో, మూడూ నావేనని రాసుకున్నాను.

ఆదివారం పొద్దున అవ్వ అరుగు మీద కూర్చుని చాటలో కందిబేడలు చెరుగుతోంది. నేను గోడ వైపు తిరిగి నిలబడి గొణుక్కుంటున్నాను. అవ్వ ఉందని మరిచిపోయానో, అవ్వేలే అనుకున్నానో.

"ఐదు వేల నలభై ఏడు. దీన్ని విడగొడితే ఏడు, ఏడు, నూట మూడు. ఈ నూట మూడు అవిభాజ్య..."

చాట చప్పుడు ఆగింది.

"ఏమంటివి? నూట మూడా?"

"అంకె, అవ్వా."

"అంకెనే మే. మన సర్వే నంబరు నూట మూడు. విభాగమంటాండావే. ఎవురొచ్చినారు? మీ చిన్నతాత కొడుకులా?"

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమై నవ్వు వచ్చింది. నూట మూడో నంబరు చేను మా తాతది, ఆయన తమ్ముడిది కలిపి ఒకటే. వాళ్ళిద్దరూ బతికినంతకాలం పంచుకోలేదు. ప్యానెళ్ళకు ఇచ్చినప్పుడు కూడా రెండిళ్ళవాళ్ళం ఒకే కాగితం మీద వేలిముద్రలు, సంతకాలు పెట్టి ఇచ్చాం. తాలూకా ఆఫీసులో పంపకం కాగితాన్ని విభాగపత్రం అనడం, ఆ కన్నడ మాట అవ్వ ఎప్పుడో వినింది. అప్పటినుంచి ఆ మాట పోలికది ఏది చెవిన పడినా లేచి నిలబడుతుంది.

"విభాగం కాదవ్వా. అ-విభాజ్య. పంచేదానికి కుదరనిది."

"ఆఁ, అట్ల చెప్పు. కుదరదని నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా. ఎవురు రాసినారు, తాసిల్దారా?"

"ఎవరూ రాయలేదు. అది పుట్టడమే అట్లా పుట్టింది."

"పుట్టుకతోనే పంచేకి రాదా!" అవ్వ చాట పక్కన పెట్టేసింది. "ఇద్దరికి?"

"రాదు. ఒకటి మిగుల్తాది."

"ముగ్గురికి?"

"ఒకటి మిగుల్తాది."

"పది మందికి?"

"మూడు మిగుల్తాయి. ఎంతమందికి పంచినా ఏదో ఒకటి మిగుల్తానే ఉంటాది అవ్వా. నూట మూడు మంది వస్తే తప్ప."

"నూట మూడు మంది యాడుండారే మనకి? పెండ్లికి పిలిస్తేనే రారు."

నేను గట్టిగా నవ్వాను. నవ్విన తర్వాత గమనించాను, అప్పటికి చాలాసేపటి నుంచి నేను లెక్కల గురించి పైకి మాట్లాడుతున్నాను. గోడతో కాదు, మనిషితో.

ఎండ ముదరకముందే అమ్మ పని నుంచి వచ్చింది. వెంట పక్కింటి పెద్దమ్మ కూడా ఉంది. ఏడుగురిలో పెద్ద ఆమె, గుంపుకు ఆమె మాటే మాట. వాళ్ళు ఇంకా చెప్పులు విడవకముందే అవ్వ అందుకుంది. "వింటిరా? నూట మూడు పంచేకి రాదంట. పాప పుస్తకంలో ఉండాదంట."

పెద్దమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఏమ్మే, నీ కూతురికి మాటలొస్తాయా? నేను ఇన్నాళ్ళూ మూగదనుకొంటి."

"నీ ముందర ఎవురికి సందు దొరుకుతాదిలే అక్కా" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "రేపటిదేనా అది? మాకు చెప్పు" అని గడప మీద కూర్చుంది.

ఇక్కడ మా అమ్మవాళ్ళ మాట ఒకటి చెప్పాలి. పొద్దున పనిలోకి దిగగానే ఏడుగురూ ఆ రోజు కడగాల్సిన ప్యానెళ్ళ వరసలు పంచుకుంటారు. సమంగా పోగా ఒకటో, రెండో, ఆరో వరసలు ఉండిపోతాయి. వాటిని మిగులు అంటారు. అది చెనక్కాయల కాలం నాటి మాట. చేలో కాయలు వలిచిన రోజున కూలికి ఇచ్చిన కాయలు అందరూ పంచుకున్నాక, చాటలో నాలుగు గుప్పెళ్ళు మిగిలితే అవి ఎవరి ఒడిలోకీ పోకూడదు. అందరూ అక్కడే కూర్చుని తిని లేవాలి. చేలు పోయాయి, కాయలు పోయాయి, ఆ మాట మాత్రం ప్యానెళ్ళ మధ్యకు వచ్చింది. మిగులు వరసను ఎవరూ ఒంటరిగా కడగరు. ఒకరు పైపు పట్టుకుంటే ఒకరు బ్రష్ వేస్తారు, మిగతావాళ్ళు వెనకే నడుస్తారు. ఊళ్ళో కబుర్లన్నీ ఆ వరస దగ్గరే. సెలవుల్లో ఒకామెకు జ్వరం వస్తే ఆమెకు బదులు నేను పది రోజులు పోయాను కాబట్టి నాకు తెలుసు. మిగులు లేని రోజు పని తొందరగానే అయిపోతుంది, కానీ ఎవరి వరస చివర వాళ్ళు నిలబడి, ఏం తోచక ఇంటికి వస్తారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒకటి నుంచి ఏడు దాకా అన్నీ గుణిస్తే ఐదు వేల నలభై అన్నాను. దానికి ఏడు కలుపుతున్నామన్నాను. అది అవిభాజ్యం కాదు, ఎందుకంటే... అక్కడ మళ్ళీ ఆగిపోయాను. చెయ్యి సుద్దముక్క కోసం వెతికింది.

అమ్మ నా చేతి వైపు చూసింది. "ఒకటి నుంచి ఏడు దాకా గుణిస్తివి. అంటే దాంట్లో ఏడు ఉండాది."

"ఉండాది."

"అన్ని వరసలు మాకిస్తే, ఏడుగురికీ సమంగా పోతాది."

"పోతాది."

"దానిమీద ఇంకా ఏడు వరసలు ఇస్తే తలా ఒకటి. మిగులు యాడుండాది?"

వెతుకుతున్న చెయ్యి కిందికి దించేశాను.

"ఎనిమిది దాకా గుణించినా అంతే గదప్పా" అంది పెద్దమ్మ. "ఏడు ఆడ్నే ఉండాది, యాడికి పోతాది? నువ్వు ఎంత దూరం గుణించుకుంటా పోయినా ఏడు దాని కడుపులో ఉంటాది. మిగులు రాదు."

"దీనికేనా నిన్నట్నుంచీ మొహం ముడుచుకోనుండావు?" అంది అమ్మ. "మాకు ఇది దినామూ ఉండేదే."

"మరి ఆరు దాకే గుణించింటే?" అని అడిగాను.

"ఆరు దాకా అంటే ఏడో మనిషి లెక్కలోకి రాలే" అంది పెద్దమ్మ. "అప్పుడు మిగులు ఉంటాది."

వేళ్ళ మీద లెక్క వేసి చెప్పాను. ఏడు వందల ఇరవై ఏడు వరసలు. తలా నూట మూడు పోగా ఆరు మిగులు.

"చూడు, మళ్ళా మన నంబరే!" అంది అరుగు మీద నుంచి అవ్వ.

"ఏడుగురికి మిగిలితే చాలదు పెద్దమ్మా" అన్నాను. నాకే వింతగా ఉంది, నేను పెద్దమ్మను సరిదిద్దుతున్నాను. "ఐదుగురు వచ్చినా, పదిమంది వచ్చినా, ఏ గుంపు వచ్చి పంచుకున్నా మిగలాలి. అప్పుడే అది అవిభాజ్యం. ఏడు వందల ఇరవై ఏడు అట్లాంటిదే."

పెద్దమ్మ తలగుడ్డ విప్పి భుజాన వేసుకుంది. "ఏ గుంపు వచ్చినా మిగులు ఉంటాదా? అట్లాంటి వరసలే మాకియ్యమని సూపర్‌వైజరుకి చెప్పుమే నువ్వు. ఇంగ్లీషులో చెప్తే ఇంటాడు."

సోమవారం మధ్యాహ్నం రెండో పీరియడు. బోర్డు మీద ఏడు అని మాత్రం రాసి, సుద్దముక్కను బల్ల మీద మేడమ్ ముందు పెట్టేసి, వెనక్కు తిరిగాను. అవే నలభై ముఖాలు. శనివారం స్టాఫ్ రూములో నిలబడ్డట్టే నిలబడ్డాను. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. ముందు బెంచీ అమ్మాయి నా మీద జాలితో తల దించుకుంది. ఆ జాలి చూశాక అనిపించింది, ఇప్పుడు నోరు తెరవకపోతే వీళ్ళందరూ నన్ను ఇట్లాగే గుర్తుపెట్టుకుంటారని.

"ఏడుగురు ఆడవాళ్ళు ప్యానెళ్ళు కడుగుతారు" అన్నాను కన్నడంలో. నా గొంతు నాకే సన్నగా వినిపించింది. "అందులో ఒకరు మా అమ్మ."

క్లాసులో సగం మంది సోలార్ పార్కు ఊళ్ళవాళ్ళే. తలలు లేచాయి. వరసలు పంచుకోవడం చెప్పాను. ఒక్కరే అయితేనో, సరిగ్గా వరసలెన్నో అంతమంది ఉంటేనో తప్ప, ఎంతమంది పంచుకున్నా మిగులు ఉండిపోయే సంఖ్యే అవిభాజ్య సంఖ్య అన్నాను. ఏడుకు ఆరు, ఇరవై నాలుగు, నూట ఇరవై, ఏడు వందల ఇరవై కలిపితే ఏమవుతుందో చెప్పాను. తర్వాత ఏడు ఫాక్టోరియల్ దగ్గరికి వచ్చేసరికి కన్నడం, ఇంగ్లీషు రెండూ ఎక్కడికో పోయాయి. "తలా ఒకటి పోయినాక మిగులు యాడుండాది?" అన్నాను, అచ్చం అమ్మ అన్నట్టే.

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "యాడా లేదు!" అని అరిచింది. నేను కూడా నవ్వాను. ఏమైందని మేడమ్ అడిగితే ఆ అమ్మాయే లేచి కన్నడంలోకి మార్చి చెప్పింది. నా కంటే బాగా చెప్పింది. మేడమ్ ఏదో కాగితం మీద రాసుకుంది.

ఆ తర్వాత పావుగంట ఎట్లా అయిపోయిందో తెలియదు. ఆఖరున మేడమ్ ఒక ప్రశ్న వేసింది. "ఏ ఫాక్టోరియల్ కలిపినా ప్రధాన సంఖ్య కాని ప్రధాన సంఖ్య ఉందా?"

నా డైరీలో అట్లాంటి మొండిది ఒకటి ఉంది. నూట ఎనభై ఒకటి. దానికి రెండు ఫాక్టోరియల్ నుంచి ఎనిమిది ఫాక్టోరియల్ దాకా అన్నీ కలిపి చూశాను. మొదటిది మూడుతో పోయింది, తర్వాతది పదకొండుతో, ఆ తర్వాత ఐదుతో, ఏడుతో, పదిహేడుతో, ఇరవై మూడుతో. ఆఖరిది నలభై వేల ఐదు వందల ఒకటి. అది నూట ఒకటితో పోతుందని తెలుసుకోవడానికి నాకు రెండు రోజుల బస్సు ప్రయాణం పట్టింది. ఇదంతా చెప్పాను. నూట ఎనభై ఒకటి ఫాక్టోరియల్ నుంచి ఇక ఆశ లేదని, దాని కడుపులో నూట ఎనభై ఒకటి ఉంటుందని కూడా చెప్పాను.

"మధ్యలో?" అంది మేడమ్. "తొమ్మిది నుంచి నూట ఎనభై దాకా?"

"గొత్తిల్ల, మేడమ్."

తెలియదు అని పైకి అనడం నాకు అదే మొదటిసారి. అంతకు ముందు తెలిసినప్పుడూ మౌనమే, తెలియనప్పుడూ మౌనమే. రెండింటికీ తేడా ఎవరికీ కనిపించేది కాదు.

"కూర్చో" అంది మేడమ్. కాగితం మడుస్తూ, తల ఎత్తకుండా అంది. "వినపడింది."

ఆ పేపరు పాసయ్యాను. బి.ఎడ్. కూడా అయింది. ఇప్పుడు ఈ తాలూకాలోనే ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. కొత్త తరగతి ముందు నిలబడితే ఇప్పటికీ మొదటి నిమిషం చెయ్యి సుద్దముక్క కోసం వెతుకుతుంది. ఆ నిమిషంలో నేను చేసేది ఒకటే. బోర్డు వైపు తిరగను. పిల్లలకు భాగహారం చెప్పేటప్పుడు శేషం అని ఒకసారి, మిగులు అని ఒకసారి అంటాను. వాళ్ళకు రెండో మాటే గుర్తుంటుంది. పుస్తకాలు నాకు చాలా ఇచ్చాయి, కాదనను. కానీ నా నోటికి మొదటి వాక్యం ఇచ్చింది మాత్రం గడప మీద కూర్చుని, చేతులకింకా తడి ఆరని మా అమ్మ.

ఆ సోమవారం సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. "మాట్లాడినావా?" అంది. మార్కుల సంగతి అడగలేదు. మాట్లాడానన్నాను. మిగులు యాడుండాది అని తెలుగులో అనేశానంటే, కట్టెపుల్ల చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వింది. "నా మాట కాలేజీ దాకా పోయిందే" అని, ఆ సంగతి చెప్పడానికి పెద్దమ్మ ఇంటికి పరుగెత్తింది. పొయ్యి మీది చారు నేనే దించాను.

అవ్వ అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నూట మూడు సంగతి చెప్పినావా ఆడ?"

"చెప్పలేదవ్వా, టైం చాల్లేదు." ఆమె మొహం చిన్నబోయింది. అందుకని డైరీ తెచ్చి, ఆ పొద్దున బస్సులో కనిపెట్టిన సంగతి చెప్పాను. "నూట ఒకటికి రెండు ఫాక్టోరియల్ కలిపితే, అంటే రెండు, మన నంబరు వస్తాది. తొంభై ఏడుకు మూడు ఫాక్టోరియల్ కలిపితే, అంటే ఆరు, మన నంబరే. డెబ్బై తొమ్మిదికి నాలుగు ఫాక్టోరియల్, ఇరవై నాలుగు కలిపినా మన నంబరే. ఆ మూడూ పంచేకి రానివే, అవ్వా."

నేను చెప్పినదాంట్లో ఫాక్టోరియల్ అన్న మాట ఆమెకు అంటలేదని తెలుసు. కానీ అవ్వ తల ఊపింది. చెయ్యి చాపి, ఎదురుగా కంచె అవతల సాయంత్రపు ఎండ పడి మెరుస్తున్న పలకల వైపు చూపించింది.

"ఔ. మూడు దావలే. వంక దావ ఒకటి, బండి దావ ఒకటి, గొర్రెల దావ ఒకటి. ఏ దావన పోయినా మన చేనికే పోతాంటిమి."

ఆ రాత్రి డైరీలో అంకెల కింద ఆ మూడు దావల పేర్లు రాసుకున్నాను. ప్యానెళ్ళ కిందికి పోయిన ఆ దావలు ఎక్కడున్నాయో అవ్వ ఒక్కదానికే తెలుసు.